వంటింట్లో పగ, పెళ్లిలో పాషాణం: పాఠకుల ప్రశ్నలకి జవాబులు

కిందటి సంచికలో ఒక మాట రాశాను, పాత ఇంగ్లండు నేపథ్యంలో వచ్చే గోథిక్ నవలల్లో, అంటే పాత బంగళాలు, రహస్యాలు, పగలతో భయపెట్టే కథల్లో, అసలు భయపెట్టే చోటు నేలమాళిగో సమాధుల దొడ్డో కాదు, వంటిల్లు అని. దాని మీద చాలా ఉత్తరాలూ మెసేజ్‌లూ వచ్చాయి, కొందరు ఔనన్నారు, కొందరు గట్టిగా కాదన్నారు, ఒకరైతే తనే అలాంటి నవల రాస్తున్నానని చెప్పి సందేహాలు పంపారు. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్ర: నేను ఒక నవల రాస్తున్నానండీ. కథ 1780ల్లో, ఇంగ్లండులో యార్క్‌షైర్ వైపు ఒక పాత బంగళాలో జరుగుతుంది. అక్కని పెళ్లి చేసుకుని ఆస్తంతా కాజేసి ఆమె చావుకి కారణమైన బావ మీద చెల్లెలు పగబడుతుంది, పేరు మార్చుకుని అదే ఇంట్లో వంటమనిషిగా చేరి రోజూ కొంచెం కొంచెం పాషాణం కలిపి పెట్టి చంపేస్తుంది, ఎవరికీ దొరకదు. ఆ రోజుల్లో ఇది కుదిరే పనేనా? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జ: ముందు బావ ఆమెని అంతకుముందు ఎప్పుడూ చూడలేదనే విషయం గట్టిగా సెట్ చేసుకోండి, లేకపోతే మొదటి చాప్టర్‌లోనే పాఠకుడు లేచిపోతాడు. ఇక పాషాణం సంగతి, అంటే తెల్ల ఆర్సెనిక్, అది దొరకడం ఏమాత్రం కష్టం కాదు, ఎలుకల కోసం అని చెప్తే చాలు షాపులో కాస్త డబ్బుకే ఇచ్చేవాళ్లు, పేరు రాసుకోవడం సంతకం పెట్టించుకోవడం ఏమీ లేదు. చూడ్డానికి పిండిలాగో పంచదారలాగో ఉంటుంది, వాసన రాదు, రుచి పెద్దగా తెలీదు, తిన్నవాళ్లకి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే డాక్టరు కూడా ఏదో కడుపు జబ్బు అనుకునేవాడు. శవంలో ఆర్సెనిక్ ఉందని కచ్చితంగా చూపించే పద్ధతి జేమ్స్ మార్ష్ అనే కెమిస్ట్ 1836లో ప్రకటించేదాకా లేదు. కాబట్టి సైన్స్ వైపు నుంచి మీ హీరోయిన్ సేఫ్.

కానీ ఆ ఇంట్లో మిగతా పనివాళ్లు ఉంటారు చూడండి, అసలు గండం అక్కడ. 1751లో హెన్లీ అనే ఊళ్లో మేరీ బ్లాండీ అనే లాయరు గారి అమ్మాయి తండ్రికి టీలో, గంజిలో ఒక పొడి కలిపి ఇచ్చింది, ఆ పొడి పంపింది ఆమెని పెళ్లి చేసుకుంటానన్న క్రాన్‌స్టౌన్ అనే పెద్దమనిషి, అతనికి అప్పటికే స్కాట్లండులో భార్య ఉంది. అది తండ్రి మనసు మెత్తబడే ప్రేమ మందు అనుకున్నానని ఆమె చివరిదాకా చెప్పింది. పట్టుకున్నది పోలీసులు కాదు, పనిమనుషులే. గంజి గిన్నె అడుగున తెల్లగా గరగరలాడే మడ్డి చూసి, గిన్నె కడక్కుండా దాచి బయటికి పంపించారు. డాక్టర్ ఆడింగ్టన్ ఆ పొడిని ఎర్రగా కాలిన ఇనుము మీద వేస్తే తెల్లటి పొగ లేచి వెల్లుల్లి వాసన కొట్టింది, ఆ మాటే కోర్టులో సాక్ష్యం అయింది. 1752 ఏప్రిల్ 6న ఆక్స్‌ఫర్డ్‌లో ఆమెని ఉరి తీశారు. మీ నవలలో కూడా గిన్నెలు కడిగే పిల్ల ఒకతి ఉండాలి, అందరికంటే చిన్నది, ఎవరూ పట్టించుకోనిది, ఆమె కళ్లకి దొరక్కుండా ఉండడమే మీ హీరోయిన్‌కి అన్నిటికంటే కష్టం కావాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి, చాలామంది రచయితలు మర్చిపోయేది. 1780ల్లో పనిమనిషి యజమానిని చంపితే అది మామూలు హత్య కాదు, రాజద్రోహంలో ఒక రకం కింద లెక్క, భార్య భర్తని చంపినా అంతే. దానికి ఆడవాళ్లకి శిక్ష ఉరి కాదు, కట్టుకొయ్యకి కట్టి కాల్చడం, మామూలుగా మంట అంటించే ముందు మెడకి తాడు బిగించి ప్రాణం తీసేవాళ్లు. 1790లో చట్టం మార్చి ఆ కాల్చే శిక్ష తీసేశారు. అంటే మీ కథ 1785లో జరిగితే ఆవిడ పొయ్యిలో మంట చూసే చూపు వేరేగా ఉండాలి, రోజంతా ఆ మంట దగ్గరే కదా ఆవిడ పని.

ప్ర: వంటిల్లు భయపెట్టే చోటు అంటే నేను ఒప్పుకోనండీ. మనకి వంటిల్లు అంటే అమ్మ, అన్నం, ఆప్యాయత. మీరు పరాయి దేశం కథలు చదివి అలా రాశారేమో అనిపించింది. (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

జ: మీ మాట కాదనను. కానీ విరాటపర్వం ఒకసారి గుర్తు చేసుకోండి సార్. కీచకుడు ద్రౌపదిని నిండు సభలో తన్నాడు, ధర్మరాజు కళ్లతోనే ఊరుకోమన్నాడు, ఆ రాత్రి ఆమె లేచి ఎక్కడికి వెళ్లింది? వంటశాలకి. అక్కడ వలలుడి పేరుతో వంటవాడుగా ఉన్న భీముణ్ణి నిద్ర లేపి తన బాధంతా వెళ్లగక్కింది, పగకి ముహూర్తం కుదిరింది ఆ చీకటి వంటశాలలోనే. మర్నాడు రాత్రి నర్తనశాలలో కీచకుడు ముద్దగా మిగిలాడు. పెళ్లాం అవమానం, మారుపేరుతో పెద్దింట్లో కొలువు, వంటవాడు, పగ, చీకటి, ఇంతకంటే గోథిక్ ఏం కావాలి చెప్పండి, తిక్కన గారు ఎప్పుడో చెప్పేశారు మనకి.

తేడా ఎక్కడంటే మనం సాధారణంగా చూసే వంటింట్లో వండేది ఇంటి మనిషే. 18వ శతాబ్దం ఇంగ్లండు పెద్దిళ్లలో వండేది జీతగత్తె, తినేవాళ్లు ఆమె మొహం కూడా రోజూ చూడరు. చాలా ఇళ్లలో వంటిల్లు కింద అంతస్తులోనో, భోజనాల గదికి దూరంగా ఒక పొడుగాటి నడవా చివరనో ఉండేది, వాసనా పొగా రాకూడదని. అక్కడినుంచి పైకి వచ్చే ప్రతి గిన్నె ఒక నమ్మకం మీదే వస్తుంది. ఆ నమ్మకం ఎంత తక్కువో తాళాలు చూస్తే తెలుస్తుంది, టీ ఆకు దాచే పెట్టెకి తాళం, మసాలాలకి తాళం, గడ్డగా గోపురం ఆకారంలో వచ్చే పంచదారకి తాళం, తాళంచెవుల గుత్తి ఇంటావిడ దగ్గరో హౌస్‌కీపర్ దగ్గరో. అయినా వాళ్ల ప్రాణం మాత్రం వంటామె చేతిలో, దానికి తాళం వేసే మార్గం లేదు. ఓటు లేదు, ఆస్తి లేదు, ఎదురు మాట్లాడే హక్కు లేదు, కానీ ఇంటి యజమాని కడుపులోకి ఏం వెళ్తుందో నిర్ణయించేది ఆమే. ఆ కాలం యజమానులకి నిజమైన భయం ఇదే, ఆ భయంలోనుంచే చట్టాలు కూడా పుట్టాయి. 1531లో బిషప్ ఫిషర్ ఇంట్లో గంజి తాగి ఇద్దరు చనిపోతే వంటవాడు రిచర్డ్ రూస్‌ని ఎనిమిదో హెన్రీ రాజు ఒక కొత్త చట్టం చేయించి మరీ లండన్‌లో నలుగురి ముందు నీళ్లలో ఉడికించి చంపించాడు. వంటవాడికి వంట శిక్ష. ఆ చట్టం 1547లో పోయింది గానీ ఆ భయం పోలేదు.

ప్ర: ఇలాంటి నవలల్లో హీరోయిన్ మొగుడు దుర్మార్గుడని తెలిసాక కూడా ఇల్లు వదిలి వెళ్లదు, నాకు చిరాకేస్తుంది. డబ్బున్న అమ్మాయే కదా, వెళ్లిపోవచ్చుగా? (హైదరాబాద్ నుంచి ఒక లా స్టూడెంట్)

జ: లా చదువుతున్నారు కాబట్టి మీకు ఇది బాగా పట్టుకుంటుంది. ఆ కాలం ఇంగ్లండు చట్టంలో పెళ్లయిన ఆడదానికి విడిగా ఉనికే లేదు, భార్యాభర్తలు చట్టం దృష్టిలో ఒకే మనిషి, ఆ ఒక్క మనిషీ భర్త. బ్లాక్‌స్టోన్ అనే న్యాయకోవిదుడు 1765లో అచ్చు మొదలుపెట్టిన లా పుస్తకంలో ఇది చాలా మామూలుగా రాశాడు. ఆమె నగలు, డబ్బు, బట్టలు పెళ్లి క్షణం నుంచి అతనివి, ఆమె భూమి మీద వచ్చే కౌలు అతనిది, ఆమె సొంతంగా ఒప్పందం చేసుకోలేదు, దావా వేయలేదు, అతని అనుమతి లేకుండా వీలునామా రాయలేదు, పిల్లలు కూడా అతనివే. కాస్త తెలివైన పుట్టింటివాళ్లు పెళ్లికి ముందే ట్రస్టు పెట్టి కొంత ఆస్తి కాపాడుకునేవాళ్లు. విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే పార్లమెంటులో ప్రత్యేకంగా ఒక చట్టమే పాస్ చేయించుకోవాలి, 1857కి ముందు మొత్తం చరిత్రలో అలా సాధించిన ఆడవాళ్లు నలుగురే నలుగురు. భార్య ఆస్తి పూర్తిగా భార్యదే అనే చట్టం 1882లో గానీ రాలేదు.

నిజంగా జరిగిన ఒక పెళ్లి చెప్తా, ఇది ఏ నవలకీ తీసిపోదు. స్ట్రాత్‌మోర్ కౌంటెస్ మేరీ ఎలినార్ బోస్, బొగ్గు గనుల సొమ్ము వారసురాలు, ఇంగ్లండులో బాగా డబ్బున్న వితంతువుల్లో ఒకావిడ. ఆండ్రూ రాబిన్సన్ స్టోనీ అనే సైనికుడు ఆవిడ పరువు కోసం ఒక పత్రికా సంపాదకుడితో కత్తి పోరుకి దిగి చావు దెబ్బలు తిన్నట్టు నాటకం ఆడాడు, చచ్చేలోపు మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలన్నది నా చివరి కోరిక అన్నాడు. 1777 జనవరిలో అతన్ని స్ట్రెచర్ మీద చర్చికి మోసుకొచ్చారు, పెళ్లయింది, పెళ్లయ్యాక మనిషి శుభ్రంగా లేచి కూర్చున్నాడు. ఆవిడ ముందే తన ఆస్తిని కాపాడుకుంటూ రహస్యంగా ఒక పత్రం రాయించుకుంది, అది బయటపడ్డాక కొట్టి బెదిరించి దాన్ని రద్దు చేయించాడు. ఎనిమిదేళ్లు నరకం చూసి 1785లో పనిమనుషుల సాయంతో పారిపోయింది. కేసు నడుస్తుండగానే 1786లో పట్టపగలు లండన్‌లో ఆవిడని కిడ్నాప్ చేయించాడు, చలికాలంలో ఉత్తరాది పల్లెల్లో గుర్రాల మీద తిప్పాడు, జనం వెంటపడి విడిపించారు. 1789కి గానీ ఆ పెళ్లినుంచి ఆవిడకి విముక్తి దొరకలేదు. అంత డబ్బు, అంత హోదా ఉన్నావిడ పరిస్థితే ఇది. మామూలు అమ్మాయి తలుపు తీసుకుని వెళ్లిపోవచ్చు కదా అంటే ఎక్కడికి వెళ్తుంది, ఏ డబ్బుతో వెళ్తుంది? ఆవిడకి చివరికి తోడు నిలబడింది పనిమనిషి మేరీ మోర్గన్ అనేది నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైన విషయం. ఇంటావిడకీ పనిమనిషికీ మధ్య ఉండే ఆ సంబంధం మీద రాయాల్సింది ఇంకా చాలా ఉంది, మన తెనాలి రచయిత్రి గారు ఇది కాస్త పట్టించుకోవాలి.

ప్ర: దొంగతనం చేశారని ఆస్ట్రేలియాకి పంపేసిన ఖైదీ తిరిగొచ్చి పగ తీర్చుకోవడం కొన్ని నవలల్లో చదివా. అంత దూరం నుంచి ఒక ఆడమనిషి వెనక్కి రావడం జరిగే పనేనా అసలు? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జ: దాదాపు అసాధ్యం, కానీ జరిగింది. ఖైదీలతో మొదటి దండు 11 ఓడల్లో 1787 మే 13న పోర్ట్స్‌మత్‌లో బయల్దేరి 1788 జనవరిలో చేరింది, ఎనిమిది నెలల ప్రయాణం. అందులో కార్న్‌వాల్‌కి చెందిన ఒక జాలరి కూతురు ఉంది, తర్వాత మేరీ బ్రయంట్‌గా పేరు పడింది, దారిలో ఒక ఆడమనిషిని దోచుకున్న కేసులో పడ్డ శిక్ష. సిడ్నీలో తిండి లేక అందరూ మాడుతున్న రోజుల్లో, 1791 మార్చి 28 రాత్రి, మొగుడు, ఇద్దరు పసిపిల్లలు, మరో ఏడుగురు ఖైదీలతో కలిసి గవర్నరు గారి చిన్న పడవ ఎత్తుకుని సముద్రంలోకి వెళ్లిపోయింది. పైన కప్పు లేని పడవ, 69 రోజులు, సుమారు 5 వేల కిలోమీటర్లు, ఇండోనేషియా వైపు ఉన్న తిమోర్ దీవి దాకా. అక్కడ దొరికిపోయారు. మొగుడూ కొడుకూ బటావియాలో (ఇప్పటి జకార్తా) జబ్బు చేసి పోయారు, కూతురు ఇంగ్లండుకి తిరిగొచ్చే ఓడలో పోయింది. లండన్ జైల్లో ఉన్న ఆమె కోసం రచయిత జేమ్స్ బాస్వెల్ తిరిగి తిరిగి 1793లో క్షమాభిక్ష ఇప్పించాడు.

అంత తంటాలు పడి వచ్చినవాళ్లకి ఇంకో భయం ఉంది, శిక్ష కాలం పూర్తి కాకుండా తిరిగొస్తే దానికి మరణశిక్ష. అంటే అలాంటి హీరోయిన్ ఇంగ్లండులో అడుగు పెట్టిన క్షణం నుంచీ ఉరితాడు పక్కనే నడుస్తుంటుంది, ఎవరు గుర్తుపట్టినా అంతే. ఇక ఖైదీలు వెళ్లే ముందు రాగి నాణేన్ని అరగదీసి నున్నగా చేసి దాని మీద పేర్లు, గుండె బొమ్మ, నన్ను మర్చిపోకు లాంటి మాటలు చెక్కి తమవాళ్లకి ఇచ్చి వెళ్లడం నిజంగా ఉన్న అలవాటే, ఆస్ట్రేలియా జాతీయ మ్యూజియంలో అలాంటివి 300 పైనే ఉన్నాయి. నవల రాసేవాళ్లకి ఒక చిన్న జాగ్రత్త, వాటిలో చాలా వాటికి వాడిన పెద్ద బరువైన రాగి పెన్నీ 1797లో వచ్చింది, 1780ల కథలో దాన్ని పెట్టకండి, అరపెన్నీ పెట్టుకోండి.

ప్ర: నవల మధ్యలో రెసిపీలు ఇవ్వడం కథకి అడ్డం కాదా? నాకైతే ఆ పేజీలు తిప్పేయాలనిపిస్తుంది. (డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు)

జ: ఊరికే అలంకారానికి పెడితే తిప్పేయండి, తప్పు లేదు. కానీ ఆ కాలం వంట పుస్తకాలు ఇప్పటి వాటిలా ఉండవండీ. ఇళ్లలో ఆడవాళ్లు చేత్తో రాసుకున్న పుస్తకాల్లో పుడ్డింగు పక్కనే దగ్గు మందు, దాని పక్కనే నల్లమందు కలిపిన నిద్ర మందు, ఆ కిందే మొహానికి పూసుకునే లేపనం, ఎలుకలకి పెట్టే మందు, అన్నీ ఒకే చేతిరాతలో ఉండేవి. తల్లి రాసింది కూతురికి, అక్కడినుంచి కోడలికి, మధ్యలో చేతిరాత మారుతుంది. ఒక పేజీ తిప్పితే తిండి, ఇంకో పేజీ తిప్పితే చావు, ఇలాంటి పుస్తకం మారుపేరుతో ఇంట్లోకి వచ్చిన వంటామె చేతికి దొరికితే అది కథకి అడ్డం ఎలా అవుతుంది, అదే కథ.

అచ్చు పుస్తకాల్లో పెద్ద పేరు హానా గ్లాస్. 1747లో వంటల పుస్తకం వేసింది, దాని మీద తన పేరు కూడా లేదు, ఒక ఇల్లాలు రాసింది అని మాత్రమే ఉంటుంది. పనివాళ్లు కూడా చదివి అర్థం చేసుకునేలా తేలిక మాటల్లో రాశానని చెప్పుకుంది. పదహారేళ్లకే రహస్యంగా పెళ్లి చేసుకున్నావిడ, పుస్తకం అంత అమ్ముడైనా అప్పుల పాలై 1757లో అప్పులవాళ్ల జైలుకి కూడా వెళ్లింది. మనవాళ్లకి నచ్చే విషయం ఏంటంటే అందులో ఇండియా పద్ధతి కూర ఒకటి ఉంది. రెండు కోళ్లు గానీ కుందేళ్లు గానీ ముక్కలు కొట్టి, మూడు నాలుగు చిన్న ఉల్లిపాయలు సన్నగా తరిగి, లెక్కపెట్టి 30 మిరియాలు, ఒక పెద్ద చెంచా బియ్యం, ఇక ధనియాలు ఎలా వేయించమంటుందో చూడండి, శుభ్రంగా ఉన్న పార మీద. అవును, నిప్పులు తీసే పార మీద ధనియాలు పోసి మంట మీద పెట్టి ఎర్రగా వేయించి దంచమంటుంది. బాణలి పెట్టే మన పొయ్యి లాంటిది చాలా ఇళ్లలో లేదు, గోడలో పెద్ద మంట, దాని ముందు తిరిగే ఊచ, కాబట్టి చేతికి దొరికిన పార. ఆ ఒక్క వాక్యం చదివితే ఆ వంటిల్లు మొత్తం కళ్ల ముందుకొస్తుంది, పది పేజీల వర్ణన అక్కర్లేదు. పసుపు, అల్లం తర్వాతి ముద్రణల్లో వచ్చి చేరాయి, ఎండుమిరపకాయ మాత్రం ఇందులో కనపడదు.

ప్ర: ఇవన్నీ డబ్బున్నవాళ్ల కథల్లా ఉన్నాయి. నిజంగా ఒక మామూలు వంటమ్మాయి విషం కేసులో దొరికిన సంగతి ఏదైనా చెప్తారా? (రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు)

జ: ఈ ప్రశ్న కోసమే ఎదురు చూశానమ్మా. ఎలిజా ఫెనింగ్. 1815, లండన్, చాన్సరీ లేన్‌లో టర్నర్ అనే వాళ్ల ఇల్లు, లాయర్ల కాగితాల వ్యాపారం వాళ్లది. ఎలిజాకి 22 ఏళ్ల లోపు, వంటకి చేరి రెండు నెలలు కూడా కాలేదు, చదవడం రాయడం వచ్చు, పెళ్లి కుదిరిన పిల్ల. చేరిన కొత్తలో ఒక రాత్రి సరిగా బట్టలు లేకుండా, అక్కడ పని నేర్చుకునే కుర్ర అప్రెంటిస్‌ల గదిలోకి వెళ్లిందని చిన్న యజమానురాలు కోప్పడి పొమ్మంది, మళ్లీ ఉండనిచ్చింది. తర్వాత కోర్టులో పగకి కారణం ఇదే అన్నారు.

మార్చి 21న ఎలిజా డంప్లింగ్స్ చేసింది, అంటే ఈస్ట్ వేసి పొంగించిన పిండి ఉండలు, మన కుడుముల్లా ఉడకబెట్టి సాస్‌తో తింటారు. చేస్తా చేస్తా అని ఆమే అడిగి చేసింది. పిండి పొంగలేదు, ఉండలు నల్లగా బరువుగా వచ్చాయి. తిన్న టర్నర్లు ముగ్గురికీ కడుపులో మంట, వాంతులు. ఒక అప్రెంటిస్ కుర్రాడు మిగిలింది కాస్త తిని పడ్డాడు. ఎలిజా కూడా తిని పడింది. ఎవరూ చనిపోలేదు, ఇది గుర్తు పెట్టుకోండి, ఒక్కరు కూడా చనిపోలేదు.

ఆ ఇంట్లో ఎలుకల కోసం తెచ్చిన ఆర్సెనిక్ పొట్లం ఆఫీసు సొరుగులో ఉండేది, తాళం లేదు, అదే సొరుగులో చిత్తు కాగితాలు ఉండేవి, పొయ్యి అంటించడానికి ఎలిజా అక్కడినుంచే కాగితాలు తీసుకునేది. పొట్లం రెండు వారాల ముందు నుంచే కనపడట్లేదని యజమాని చెప్పాడు. సర్జన్ వచ్చి పిండి గిన్నె కడిగిన నీళ్లలో అర టీస్పూను తెల్ల పొడి దొరికిందన్నాడు, డంప్లింగ్స్ కోసిన కత్తులు నల్లబడ్డాయి కాబట్టి ఆర్సెనిక్ అన్నాడు. ఆర్సెనిక్ కత్తిని అలా నల్లగా చెయ్యదు, పిండిని పొంగకుండా కూడా చెయ్యదు, కానీ ఆ మాట కోర్టులో చెప్పేవాడు లేడు. ఆ రోజుల్లో ముద్దాయి తరఫున లాయరు సాక్షుల్ని ప్రశ్నించొచ్చు గానీ జ్యూరీతో మాట్లాడకూడదు, ఆ హక్కు 1836లో గానీ రాలేదు. ఎలిజా తనే లేచి నేను నిర్దోషిని అంది, ఇంకో అప్రెంటిస్‌ని సాక్షిగా పిలిపించమని అడిగింది, పిలిపించలేదు. చంపే ఉద్దేశంతో విషం పెడితే మనిషి చావకపోయినా మరణశిక్ష వేసే చట్టం 1803 నుంచి ఉంది. దాని కింద శిక్ష పడింది.

లండన్ ఊరంతా గొడవ. క్షమాభిక్ష కోసం పిటిషన్లు పెట్టారు, కెమిస్టులు అభ్యంతరం చెప్పారు. ఏమీ పనిచేయలేదు. 1815 జూలై 26న న్యూగేట్ జైలు ముందు ఉరి తీశారు, తెల్ల మస్లిన్ గౌనులో వచ్చింది, పెళ్లికని దాచుకున్న గౌను అని చెప్పుకున్నారు. చివరిదాకా నేను చెయ్యలేదనే అంది. అంత్యక్రియలకి సుమారు 10 వేల మంది వచ్చారని లెక్క. విలియం హోన్ అనే పబ్లిషర్ ఆ కేసు మొత్తం తవ్వి అదే ఏడాది పుస్తకం వేశాడు, విచారణ ఎంత అన్యాయంగా నడిచిందో పేజీలకి పేజీలు చూపించాడు.

నా మట్టుకు నాకు ఎలిజా చేసిందని అనిపించదు, చేసి ఉంటే తను కూర్చుని అదే ఉండ ఎందుకు తింటుంది? యజమాని బల్ల మీద ఏ చెడు జరిగినా ముందు వేలు చూపించేది వంటామె వైపే, ఆ వేలుకి సాక్ష్యంతో పనిలేదు. వంటమనిషి పగ మీద నవలలు ఇన్ని వస్తున్నాయి, నేనూ ఇష్టంగా చదువుతా, కానీ ఎలిజా లాంటి వాళ్ల మీద సమాజం తీర్చుకున్న పగ గురించి ఎవరైనా తెలుగులో రాస్తే బాగుండు. పాషాణం అమ్మేటప్పుడు కొన్నవాళ్ల పేరు రిజిస్టర్‌లో రాయాలి, అది పిండి అని పొరపాటు పడకుండా మసో నీలిరంగో కలిపి అమ్మాలి అనే చట్టం 1851లో వచ్చింది. ఆ బిల్లులో మధ్యలో మగవాళ్లకి మాత్రమే అమ్మాలి అని ఒక క్లాజు కూడా చేర్చారు, అభ్యంతరాలు వచ్చి చివరికి తీసేశారు.

ప్ర: మీరు చెప్పినవన్నీ విన్నాక విషం వద్దనిపిస్తోంది. నా హీరోయిన్ ఇంకెలా పగ తీర్చుకోవచ్చు? (తెనాలి పాఠకురాలే, రెండో మెసేజ్‌లో)

జ: లెక్కల పుస్తకం. పెద్దిళ్లలో వంటామెకి జీతం కాక కొన్ని రివాజుగా వచ్చేవి, మాంసం కాల్చేటప్పుడు కారే కొవ్వు ఆమెది, దాన్ని బయట అమ్ముకునేది. దీని మీద యజమానులకీ వంటామెలకీ రోజూ గొడవే. కసాయికి ఎంత బాకీ, సారాయి ఎన్ని సీసాలు, ఏ అతిథి ఏ రాత్రి ఎందుకు వచ్చాడు, ఇవన్నీ ఇంట్లో మొదట తెలిసేది కింద వంటింట్లోనే. అప్పుల్లో మునిగిన బావ, పరువు మీద బతికే బావ, అతన్ని ఊళ్లో వ్యాపారులకి అప్పగించేస్తే చాలు, ఆ కాలంలో అప్పు తీర్చకపోతే జైలే. అక్క చేతిరాతలో ఉన్న వంటల పుస్తకం మధ్యలో ఆమె రాసుకున్న అసలు సంగతి దొరకనివ్వండి. ఈ దారి నెమ్మది, కానీ 300 పేజీలు నడిపే సత్తా దీనికి ఉంది, పాషాణానికి అంత లేదు.

ప్ర: ఆ కాలం పెళ్లి కేకు ఎలా ఉండేది? ఇంట్లో చేసుకోవచ్చా? (నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు)

జ: ఎలిజబెత్ రాఫాల్డ్ అని, ముందు చెషైర్‌లో ఆర్లీ హాల్ అనే పెద్దింట్లో హౌస్‌కీపర్‌గా చేసి తర్వాత మాంచెస్టర్‌లో షాపు పెట్టుకున్నావిడ 1769లో వేసిన పుస్తకంలో ఉంది. 4 పౌన్ల పిండి, 4 పౌన్ల వెన్న, 2 పౌన్ల పంచదార, 4 పౌన్ల నల్ల ఎండుద్రాక్ష, పౌను పిండికి 8 చొప్పున 32 గుడ్లు, జాపత్రి, జాజికాయ, అర పింటు బ్రాందీ. పైన బాదం ముద్ద ఒక పొర, దాని మీద తెల్ల పంచదార పొర, ఇప్పటి వెడ్డింగ్ కేకుల మీద రెండు పొరల ఐసింగ్‌కి అచ్చులో దొరికే తొలి రూపం ఇదే అంటారు. బేకింగ్ పౌడరు అనేది లేదు, గుడ్లు చేత్తో గిలక్కొట్టే ఓపికతోనే కేకు లేచేది, గంటల తరబడి ఆ పని చేసేది మళ్లీ వంటింటి పిల్లలే. ఆ పంచదార కరీబియన్ దీవుల్లో బానిసలు పండించింది, 1791లో బానిస వ్యాపారం ఆపే బిల్లు పార్లమెంటులో వీగిపోయాక ఇంగ్లండులో లక్షల మంది పంచదార మానేశారు, అందులో ముందు నడిచింది ఆడవాళ్లే, ఇంటి సరుకులు కొనేది వాళ్లే కాబట్టి.

ఇంట్లో చేయాలంటే నాలుగో వంతు చాలు. 450 గ్రాముల మైదా, అంతే వెన్న, 225 గ్రాముల పంచదార, 8 గుడ్లు, 450 గ్రాముల నల్ల ఎండుద్రాక్ష. వెన్న ముందు చేత్తో మెత్తగా గిలక్కొట్టి పంచదార కలపండి, తెల్లసొన విడిగా నురగ వచ్చేదాకా కొట్టి, పచ్చసొన కూడా విడిగా గిలక్కొట్టి కలపండి, మైదా చివర్లో. ఓవెన్ 150 డిగ్రీల దగ్గర పెట్టి పుల్ల గుచ్చితే శుభ్రంగా బయటికి వచ్చేదాకా ఉంచండి, రెండు గంటల పైనే పట్టొచ్చు, పైన మాడుతుంటే కాగితం కప్పండి.